కిటికీ గట్టు మీద చీటీలు

ప్రెసిడెంటు ఎలక్షన్ అంటే ఇప్పటి పిల్లలు ఢిల్లీ సంగతి అనుకుంటారు. మా వాడకట్టులో ఆ రోజుల్లో ప్రెసిడెంటు అంటే ఒక్కడే, నేతపనివాళ్ల సహకార సంఘం ప్రెసిడెంటు. ఢిల్లీలో ఎవరుంటే మా మగ్గానికేం? ఈయన సంతకం పెడితే నూలు వచ్చేది, పెట్టకపోతే వచ్చేది కాదు. ఆ కుర్చీ కోసం ఇద్దరు కొట్లాడిన ఏడు నాకు ఇరవై నాలుగేళ్లు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఏడెనిమిదేళ్లు అయి ఉంటుంది. అప్పటికే నేను కోపిష్టిదాన్నని వాడంతా పేరు. ఆ పేరు నాకు కొంచెం ఇష్టంగానే ఉండేది.

మా బాపుకు నేనొక్కతినే. ఆయన పోయాక సంఘంలో ఆయన సభ్యత్వం నా పేరుకు మారింది. నా పెనిమిటిది హుస్నాబాద్ పక్క పల్లె. పెళ్లయినప్పుడే మా ఇంటికి ఇల్లరికం వచ్చాడు. మగ్గం నేసేది ఆయన, కండెలకు నూలు చుట్టేది నేను, సంఘం పుస్తకంలో పేరు మాత్రం నాది. అంటే ఓటు కూడా నాదే. సభ్యుల్లో ఆడవాళ్లం నలుగురైదుగురం ఉండేవాళ్లం, అందరం ఎవరో ఒకరు పోతే ఆ చోట్లో వచ్చినవాళ్లమే.

ఆ ఎండాకాలం మా మగ్గం ఆగిపోయింది. నేసిన బట్టను కోసేటప్పుడు పాత పడుగు కొసలు జానెడు మగ్గానికే వదిలేస్తారు, కొత్త పడుగు పోగులు వాటికి అతకడానికి. ఆ జానెడు దారాలు రెండు నెలలుగా అట్లాగే వేలాడుతున్నాయి, దుమ్ము పట్టి రంగు మారాయి. ఆయన రోజూ పొద్దున అలవాటు చొప్పున మగ్గం గుంటలో దిగి కూర్చునేవాడు. ఊరికే తొక్కుడు పలకలు తొక్కేవాడు. లేచి వాకిట్లోకి పోయేవాడు, మళ్లీ వచ్చేవాడు. నేనేమో సంఘం తలుపు తీశారో లేదో చూడటానికి రోజుకు నాలుగుసార్లు పోయి తాళం చూసి వచ్చేదాన్ని. ఇద్దరం ఒకచోట కుదురుగా కూర్చుని అన్నం తిన్న జ్ఞాపకం కూడా ఆ రెండు నెలల్లో లేదు.

ఆయన అన్న బివండిలో పవర్‌లూమ్‌ల మీద పనిచేసేవాడు. వచ్చెయ్యమని రెండు కార్డులు రాశాడు. మా వాడ నుంచి బివండి పోయిన మగవాళ్లను నేను చూశాను. ఏడాదికోసారి బతుకమ్మకు వచ్చేవాళ్లు, నాలుగు రోజులు దగ్గి పోయేవాళ్లు. కొందరు అదీ మానేశారు. ఈయన పోతే తిరిగి రాడని నా భయం. ఆ భయాన్ని నేను కోపంగా మార్చుకుని తిరిగేదాన్ని. ఒకరోజు ఆయన రెండో కార్డు మడిచి జేబులో పెట్టుకుని, "ఎలక్షన్ అయ్యేదాక జూస్త. కొత్తగ కుర్చీల గూసునేటోడు సక్కగ నూలిస్తె ఈడనే ఉంట. లేకుంటె పోత," అన్నాడు. ఆ మాటతో ఆ ఎలక్షన్ నా ఇంటి సంగతి అయిపోయింది.

ఇక నిలబడ్డవాళ్ల సంగతి. ఒకాయన పాత ప్రెసిడెంటు. సంఘం తాళంచెవి ఎప్పుడూ ఆయన అంగీ జేబులోనే ఉండేది. తన చుట్టాల మగ్గాలకు నూలు అందాకే మిగతావాళ్లకు, మిగిలితే. బట్ట తీసుకుపోతే ఆయన మనిషి ఒకడు కిటికీ దగ్గర నిలబడి, వెలుతురుకు అడ్డం పట్టి చూసేవాడు. నచ్చితే ముద్ర వేసి లోపల పెట్టేవాడు. నచ్చకపోతే ఒక్క మాట మాట్లాడకుండా కిటికీ గట్టు మీద పెట్టేవాడు. గట్టు మీద పెట్టారంటే వాపసు అని అర్థం, ఎవరిది వాళ్లు తీసుకుపోవాలి. ఎందుకని అడిగే పద్ధతి లేదు. నా పెళ్లయిన ఏడు మా ఆయన నేసిన ధోవతుల జతను అట్లా గట్టు మీద పెడితే, పదిమంది చూస్తుండగా నేనే పోయి తెచ్చుకున్నాను. ఆ రోజు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

రెండో ఆయన రంగుల దుకాణం సావుకారి. సంఘం పుట్టకముందు వాడంతా ఆయన దగ్గరే కూలికి నేసేది. సంఘం వచ్చాక కొన్నాళ్లు తిట్టుకుంటూ దూరం ఉన్నాడు, తర్వాత తెలివి తెచ్చుకుని తనే సభ్యుడయ్యాడు. తన బండ్లు తోలేవాళ్లను, దుకాణంలో మూటలు మోసేవాళ్లను కూడా సభ్యులను చేశాడు. వాళ్లలో ఒక్కడు కూడా ఎన్నడూ మగ్గం గుంటలో కాలు పెట్టి ఎరగడు. అయినా వాళ్ల పేర్ల మీద నూలు వచ్చేది, ఆ నూలు ఎటు పోయేదో అందరికీ తెలుసు. ఇంతకీ ఇద్దరూ ఇద్దరే. ఒకాయన నూలు దాచేవాడు, ఇంకొకాయన మింగేవాడు.

ఇద్దరూ మా ఇంటికి వచ్చారు. పాత ప్రెసిడెంటు మా బాపూ తనూ ఒక్క కంచంలో తిన్నామని మొదలుపెట్టాడు. అట్లయితే నేను మీకు తమ్ముని బిడ్డనే కదా, మరి నా మగ్గం ఎందుకు ఆగిందని అడిగితే, పై నుంచి రాలేదని ఆకాశం వైపు చూపించాడు. మర్నాడు సావుకారి వచ్చి, గెలిస్తే మొదటి నూలు మూట మా ఇంటికేనన్నాడు. మా బాపు నేసిన చీరలను జానెడు తక్కువ కొలిచిన చెయ్యి ఇదే కదా అన్నాను. ఆయన నవ్వి, ఈ పిల్లకు నోరెక్కువని మా ఆయనతో చెప్పి పోయాడు. తన కూతురి గురించి అల్లుడికి చెప్పినట్టు చెప్పడం నాకు ఇంకా మండించింది. చెంబుతో నీళ్లు తెచ్చి సావుకారి నిలబడ్డ చోట చల్లాను. మా ఆయన లోపలికి పోయి ఆగిన మగ్గం ముందు నిలబడ్డాడు.

వాడలో నాకు పిచ్చెక్కించిన సంగతి ఇంకొకటి ఉంది. ప్రతి ఇంట్లో ఆ ఇద్దరినీ తిట్టేవాళ్లు, వీధిలో కనిపిస్తే ఇద్దరికీ దండం పెట్టేవాళ్లు. రాట్నాల దగ్గర ఆడవాళ్లది ఒకటే మాట, ఈసారి కూడా మంచివాళ్లెవరూ నిలబడలేదని. ఎండలో తిరిగి తిరిగి నేను ఇంటింటికీ పోయాను. మీరు నిలబడండి, మీరు నిలబడండి అని అడిగాను. ఒకాయన తమ్ముడు పాత ప్రెసిడెంటు దయ మీద బతుకుతున్నాడు. ఒకాయన కొడుకు సావుకారి దుకాణంలో ఉన్నాడు. ఇంకొకాయనకు నడుం నొప్పి. నేను మొహం మీదే పిరికివాళ్లని తిట్టి వచ్చేదాన్ని. వచ్చే దారిలో కాళ్లు కాలేవి, చెప్పులు మరిచిపోయిన సంగతి అప్పుడు గుర్తొచ్చేది.

చివరికి పెద్దబాపు దగ్గరికి పోయాను. సొంత పెద్దబాపు కాదు, మా బాపుకు దోస్తు. వాడలో పడుగులు అతికే పని ఆయనది. పాత పోగుకు కొత్త పోగు మెలిపెట్టి, వేల పోగులు ఒక్కటి కూడా తప్పకుండా కలిపేవాడు. రెండు పక్షాల వాళ్లూ ఆయన ముందు గొంతు తగ్గించేవాళ్లు. పేర్లు ఇవ్వడానికి ఇంకా రెండు రోజుల గడువు ఉంది, నువ్వు నిలబడితే వాడంతా నీ వెనకే ఉంటుందని చెప్పాను.

పోగులు జారకుండా బూడిద అద్దుకున్న వేళ్లను ఆయన తుడుచుకున్నాడు. "నాకు సూపు ఆనుతలేదు బిడ్డా. కాయితం సదువరాదు. ఎవడేది రాస్తె దానికే ఏలిముద్ర ఏస్త. నువ్వు నిలవడు. ఏడో తరగతి సదివినవ్, నోరున్నది, ఎవలకు జంకవు. ఆడోళ్లంత నీ మాట ఇంటరు," అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆగాక భయం వేసింది. కుర్చీలో నేను కూర్చోవడం, పాత ప్రెసిడెంటు నన్ను ఎగాదిగా చూడటం, సావుకారి మనుషులు వీధిలో నా మీద మాటలు విసరడం, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. ఇంటికి పోయి అడగాలి పెద్దబాపూ అన్నాను. మర్నాడు పోయి, మా ఆయన వద్దన్నాడని చెప్పాను.

నేను మా ఆయనను అడగనే లేదు.

పెద్దబాపు మళ్లీ ఆ మాట ఎత్తలేదు. పేర్లు ఇచ్చే గడువు దాటింది. నేను మళ్లీ రాట్నం ముందు కూర్చుని, ఈ ఊళ్లో మగాళ్లే లేరని గట్టిగా అన్నాను. చుట్టూ ఉన్న ఆడవాళ్లు తలలూపారు.

ఓట్లు సంఘం గదిలోనే పెట్టారు. మొదట్లో అసెంబ్లీ ఎలక్షన్లకు పెట్టినట్టే, నిలబడ్డవాళ్లు ఒక్కొక్కరికి ఒక్కో డబ్బా. రంగు డబ్బాలే కడిగి, పాతాయనదానికి పసుపు కాగితం, సావుకారిదానికి ఎర్ర కాగితం అంటించారు. బట్ట చూసే కిటికీ మూలకు సంఘం ధోవతి ఒకటి అడ్డం కట్టి ఆ డబ్బాలను దాని వెనక పెట్టారు. కరీంనగర్ నుంచి సహకార శాఖ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు, కోస్తా వైపు మనిషి, నెమ్మదస్తుడు. ముద్ర వేసిన చీటీ ఒక్కొక్కటి చేతికిచ్చి లోపలికి పంపుతున్నాడు. గుమ్మం దగ్గర రెండు పక్షాల మనుషులూ నిలబడి, చీటీ చేతిలో పట్టుకుని బయటికి వస్తారేమోనని మా గుప్పిళ్ల వైపే చూస్తున్నారు.

నా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. రాత్రంతా నిద్ర లేదు, ఏ డబ్బాలో వేయాలో తేలలేదు. పాతాయనకు వేస్తే నూలు వస్తుందా? రాదు. సావుకారికి వేస్తే? అదీ రాదు. ధోవతి వెనక్కి పోయి నిలబడ్డాను. రెండు డబ్బాలూ నా మొహం చూస్తున్నాయి. తల తిప్పితే కిటికీ గట్టు కనిపించింది.

గట్టు మీద చీటీలు ఉన్నాయి. ఒకటి రెండు కాదు, దొంతి. గాలికి ఎగరకుండా పైన ఖాళీ కండె ఒకటి పెట్టి ఉంది. నాకు ముందు వచ్చినవాళ్లు ఒకరి తర్వాత ఒకరు, ఎవరికీ చెప్పకుండా, ఇద్దరినీ వాపసు చేసి పోయారు. ఆ క్షణం నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ మరిచిపోలేదు. పిరికివాళ్లనుకున్న వాడ మీద ఒక్కసారిగా ప్రేమ పుట్టింది. కండె ఎత్తి నా చీటీ కూడా వాటి మీద పెట్టి, మళ్లీ కండె పెట్టి, తల ఎత్తుకుని బయటికి వచ్చాను.

సాయంత్రం లెక్కపెట్టేటప్పుడు సభ్యులందరం గదిలోనే ఉన్నాం. మా ఆయన బయట కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. ఇన్‌స్పెక్టర్ ధోవతి విప్పించి గట్టు వైపు చూశాడు. ఇవేంటండీ, ఇక్కడ పెట్టారని అడిగాడు. ఆ గట్టు అంటే ఏమిటో ఆ గదిలో తెలియనివాడు ఆయన ఒక్కడే. డబ్బాలో పడనివి చెల్లవండీ అని మెల్లగా చెప్పి, ఇచ్చిన చీటీల లెక్క సరిపోవాలి కాబట్టి వాటిని కూడా తెచ్చి బల్ల మీద వేరే పెట్టాడు. పసుపు డబ్బావి ఒక కుప్ప, ఎర్ర డబ్బావి ఒక కుప్ప, గట్టు మీదివి ఒక కుప్ప.

మూడింటిలో ఎత్తుగా ఉన్నది గట్టు మీది కుప్ప. చిన్నపిల్లలు చూసినా చెబుతారు. సావుకారి గెలిచాడని ఇన్‌స్పెక్టర్ చదివాడు. ఆయన బండ్లు తోలేవాళ్లు చప్పట్లు కొట్టారు. మిగతావాళ్లం ఆ మూడో కుప్పనే చూస్తున్నాం. అప్పుడు పెద్దబాపు నా పక్కకు జరిగి, నాకొక్కదానికే వినపడేటట్టు, "గవి నీ ఓట్లే బిడ్డా," అన్నాడు.

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేను తిరగబడి ఏదో ఒకటి అనేదాన్ని.

మొదటి నూలు మూటలు బండ్లవాళ్ల పేర్ల మీద వచ్చాయి. మా ఇంటికి ఏదీ రాలేదు. వానలు మొదలు కాకముందే మా ఆయన బయలుదేరాడు. పొద్దున లేచి మగ్గం దులిపాడు. వేలాడుతున్న జానెడు పోగులను కోయకుండా, చిక్కుపడకుండా గుత్తులు గుత్తులుగా ముడివేశాడు. వచ్చినంక గీడ్నే అతుకుత అన్నాడు. నేను రొట్టెలు గుడ్డలో కడుతూ, ముడి పడక మూడుసార్లు విప్పాను. నా మొహం చూసి ఆయనకు జాలి వేసినట్టుంది. ఎలక్షన్ సంగతి ఆయనే ఎత్తాడు.

"నువ్వు పరేషాన్ గాకు. నువ్వు మాత్రం ఏం జేస్తవ్? మంచోల్లు ఒక్కలన్న నిలవడితె నేను గీ ఊరు ఇడిసేటోన్ని గాదు. ఎవలు నిలవడలే గద," అన్నాడు.

మూట ఆయన చేతికిచ్చాను. బస్సు దాకా వెంట నడిచాను. దారంతా చెప్పాలని నోటి దాకా వచ్చింది. బస్సు కదిలాక కూడా ఆయన కిటికీలోంచి చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. నేను చెప్పలేదు.