ఏడుపు వినకముందే చేసిన చిలకలు

నా చిన్నప్పుడు మా తాత నోట అన్నిటికంటే ఎక్కువసార్లు విన్న మాట ఒకటుంది: "బిడ్డ ఏడ్చినాక రాండప్పా." తొట్టిలికి, అంటే పసిబిడ్డ ఉయ్యాలకు, కట్టే చెక్క చిలకలూ గుండ్లూ చేయించుకోవడానికి ఎవరొచ్చినా, ముందు బిడ్డ పుట్టిందా లేదా అని అడిగేవాడు. ఇంకా పుట్టలేదంటే చాలు, వచ్చినవాళ్లు ఎంత మోతుబరులైనా సరే, మజ్జిగ ఇప్పించి వెనక్కి పంపేసేవాడు. కడుపులో ఉన్న బిడ్డకు తొట్టిలి సొమ్ములు ముందే చేసిపెడితే ఆ బిడ్డ దక్కదని మా వైపు గట్టి నమ్మకం. ఏడుపు చెవిన పడ్డాకే ఉలి పట్టాలి. ఈ ఒక్క విషయంలో తాత ఎవరి మొహమాటానికీ లొంగేవాడు కాదు.

మాది కంబదూరు దగ్గర చిన్న పల్లె. వానలు మొహం చాటేసి శనక్కాయ చేలు ఎండిపోతే మా ఊళ్లో సగం ఇళ్లకు తాళాలు పడేవి. మా అమ్మా నాయనా కూడా బెంగళూరికి కట్టడాల పనికి పోతూ నన్ను ఆ ఊళ్లోనే అమ్మ పుట్టింట్లో, తాత దగ్గరా అవ్వ దగ్గరా వదిలిపెట్టారు. పాపం పిల్ల అని మీరేం జాలిపడనక్కర్లేదు. తాత తరిమెన దగ్గర నాకు పెద్ద ఉద్యోగమే ఉండేది.

తరిమెన అంటే మహా యంత్రమేమీ కాదు. రెండు దిమ్మెల మధ్య కట్టెముక్కను బిగిస్తారు. దానికి తోలు పట్టా చుట్టి ఒకరు అటూ ఇటూ లాగుతుంటే కట్టె గిర్రున తిరుగుతుంది, ఇంకొకరు దానికి ఉలి ఆనించి గుండ్రంగా తీస్తారు. లాగడం నాది, తీయడం తాతది. పట్నంలో కరెంటుతో తిరిగే మిషన్లు వచ్చేశాయి, ఇంకా ఈ లాగుడేంది అని ఎవరైనా ఎగతాళి చేస్తే, తాత నన్ను చూపించి, "మా మిషను సంగటి తింటాది, కరెంటు తినదు" అనేవాడు. పాలకొడిశె కట్టె తెల్లగా, మెత్తగా ఉండేది. తిరిగే కట్టెకు రంగు లక్క ఆనిస్తే ఆ రాపిడి వేడికి లక్క కరిగి అంటుకునేది. నూనె గుడ్డతో అదిమితే తళతళలాడేది. చిలక ఒంటిని తరిమెన మీద తీసి, ముక్కూ తోకా విడిగా చెక్కి అతికించేవాడు. ముక్కుకు ఎర్ర లక్క పెట్టే పని ఒక్కసారి నాకివ్వమని నేను ఎంత ప్రాణం తీసినా ఇచ్చేవాడు కాదు.

ఆ ఏడు మా చిన్నమ్మ కాన్పుకు వచ్చింది. అమ్మకు చెల్లెలు, ముదిగుబ్బ వైపు ఇచ్చారు. పెళ్లయిన చాలా ఏళ్లకు నిలిచిన కడుపు. ఆ ఏళ్లన్నీ అత్తగారింట్లో ఏమేం మాటలు పడిందో నాకు తెలియదు గానీ, ఆటో దిగి గడపలో నిలబడ్డప్పుడు ఆమె ముఖంలో ఉన్న ధీమా మాత్రం బాగా గుర్తుంది. ఇక తాత సంగతి చెప్పక్కర్లేదు. చిన్నమ్మ దగ్గినా ఉలి పక్కన పెట్టేసేవాడు. మంచి కట్టె కంటబడితే విడిగా తీసి దాచేవాడు. ఎందుకు తాతా అంటే, ఊరికేలే అనేవాడు.

నెలలు నిండాయి. ఒక మధ్యాహ్నం అవ్వ కాయలు ఒలిచే కూలికి పోయింది, చిన్నమ్మ లోపల పడుకుని ఉంది. తాత ఆ దాచిన కట్టె తీసి బిగించి, లాగమన్నాడు. ఎవరికని అడిగాను. "కుందుర్పోళ్లకు. బిడ్డ పుట్టిందంట" అన్నాడు. కుందుర్పి నుంచి పురుగు కూడా రాలేదని నాకు తెలుసు. పొద్దున్నుంచీ గడప మీద కూర్చున్నది నేనేనాయె! నేను ముసిముసిగా నవ్వాను. తాత దొరికిపోయిన దొంగలా నవ్వేసి, "మీ అవ్వకు చెప్పాకు. సంపుతాది నన్ను" అన్నాడు.

పాపం, ఆయనకు ఆశ ఆగలేదు. అంతే. సాయంత్రానికల్లా చిలకలు తయారయ్యాయి. అంత ముచ్చటైనవి తాత ఇంకెవరికీ చేసి ఉండడు. ముక్కులకు ఎర్ర లక్క పెట్టమని మొదటిసారి నా చేతికిచ్చాడు. తర్వాత అన్నిటినీ గోనెసంచిలో చుట్టి అటక మీద దాచేశాడు.

దీపాలు పెట్టే వేళకు నేను చిన్నమ్మ పక్కన చేరాను. నా నోరు ఊరుకుంటుందా? అవ్వకు చెప్పొద్దన్నాడు గానీ చిన్నమ్మకు చెప్పొద్దనలేదు కదా అని ఆమె చెవిలో ఊదేశాను. భయపడుతుందేమో అనుకున్నాను. చిన్నమ్మ నవ్వింది. ముసలాయనకు తొందరెక్కువైంది అంటూ నా చెయ్యి తీసి తన కడుపు మీద పెట్టుకుంది. లోపల బిడ్డ గట్టిగా తన్నింది. నేను ఉలిక్కిపడి చెయ్యి లాక్కుంటే మళ్లీ పెట్టించింది. మళ్లీ తన్నింది. ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం.

తర్వాత రెండు రోజులకు నొప్పులు వచ్చాయి. జీపు మాట్లాడి పట్నం ఆసుపత్రికి తీసుకుపోయారు. మగబిడ్డ. ఏడవలేదు. బొడ్డుపేగు మెడకు చుట్టుకుందని, ఇందులో ఎవరి తప్పూ లేదని డాక్టరమ్మ చెప్పిందట. ఆ మాటను మా ఇంట్లో ఎవరూ చెవిన వేసుకోలేదు.

తాత అటక మీది సంచి దింపి అవ్వ ముందు విప్పాడు. కాన్పుకు రెండు రోజుల ముందే చేశానని చెప్పి, గోడకు తల బాదుకున్నాడు. "ఊరందరికీ చెప్పినా. నా ఇంటికాడికొచ్చేసరికి నేనే తప్పినా. నా మనవణ్ణి నేనే మింగినా" అని ఏడ్చాడు. అవ్వ చిలకలను మళ్లీ సంచిలో వేసి ఎక్కడికో తీసుకుపోయింది.

తాత తరిమెన పట్టా ఊడబీకి మూలకు విసిరేసి, ఇంటి ముందు పంచలో మంచమెక్కి గోడవైపు తిరిగి పడుకున్నాడు. పెట్టిన సంగటి పెట్టినట్టే ఉండేది. నీళ్లు కూడా బతిమాలితే ఒక గుక్క. డాక్టరమ్మ మాట ఎవరైనా గుర్తుచేస్తే, ఆ పేగు చుట్టింది నా చేతులేనని అనేవాడు. మనిషి మా కళ్లముందే సగమైపోయాడు. ఇంకెన్నాళ్లో ఉండడని ఇరుగమ్మలూ పొరుగమ్మలూ పంచ బయటే అనుకునేవాళ్లు. పట్టా లాగింది ఎవరు? నేను. ముక్కులకు రంగు పెట్టింది ఎవరు? నేను. తాత చంపి ఉంటే సగం చంపింది నేనే కదా అనుకుని, ఎవరూ చూడకుండా నా చేతులు వీపు వెనక దాచుకుని తిరిగేదాన్ని.

ఒక పొద్దున చిన్నమ్మ లేచి వచ్చింది. పచ్చి బాలింత. గోడ పట్టుకుని ఒక్కో అడుగూ వేసుకుంటూ వచ్చి తాత మంచం పక్కన నేలమీద కూలబడింది. నేను అక్కడే ఉన్నాను. అవ్వ కొంచెం అవతల చాటలో రాగులు చెరుగుతోంది.

"నాయనా, నీ చిలకలకూ బిడ్డకూ ఏం సంబంధం లేదు" అంది చిన్నమ్మ. "నువ్వు అవి చేసే ముందురోజే బిడ్డ కదిలేది నిలిచిపోయిండె. నాకు తెలుసు. బయపడి ఎవరికీ చెప్పలేదు."

చిలకలు తయారైన సాయంత్రమే కదా బిడ్డ నా అరచేతిని తన్నింది! కాదు చిన్నమ్మా అనబోయాను. ఆమె చెయ్యి వచ్చి నా మణికట్టును పట్టేసింది. నావైపు చూడను కూడా చూడలేదు. గట్టిగా నొక్కింది, అంతే. నేను నోరు మూసుకున్నాను.

తాత మెల్లగా ఇటు తిరిగాడు. నమ్మాడో లేదో తెలియని చూపు. అప్పుడు అవ్వ లేచింది. చాట విసిరికొట్టింది. రాగులు పంచంతా చిందాయి. "ఏమే, నీ నోరు పడిపోయిండెనా?" అని కేక పెట్టింది. "కదల్లేదని ఒక్క మాట చెప్పుంటే ఆ పొద్దే నిన్ను ఎత్తుకోని పోతాంటిమి గదే! బిడ్డను పోగొట్టింది నువ్వు. ఆయప్ప మీదికి తోస్తివి పాపాన్ని!" వీధిలో వాళ్లంతా వచ్చి నిలబడ్డారు. జనం వచ్చేకొద్దీ అవ్వ గొంతు పెంచిందే గానీ తగ్గించలేదు. చిన్నమ్మ తల వంచుకుని అన్నీ పడింది.

ఉన్నట్టుండి తాత లేచి కూర్చున్నాడు. "ఊరుకోవే! పచ్చి బాలింతను పట్టుకోని ఏం మాటలవి? తొలి కాన్పు, దానికేం తెలుసు?" అని అవ్వ మీద విరుచుకుపడ్డాడు. అన్ని రోజుల తర్వాత ఆ గొంతు వినేసరికి నాకు ఏడుపొచ్చింది. తర్వాత చిన్నమ్మ తల నిమురుతూ, చెప్పి ఉంటే బాగుండు కదమ్మా అన్నాడు, అదొక్కటే. ఆ మధ్యాహ్నం సంగటి తిన్నాడు. కొన్నాళ్లకు పట్టా వెతికి మళ్లీ బిగించుకున్నాడు.

తాత బతికాడు. చిన్నమ్మ మీద మాత్రం మాట నిలిచిపోయింది. అవ్వ కేకలు విన్న వీధి ఊరుకుంటుందా? ఆ కబురు ముదిగుబ్బ దాకా పోయింది. కడుపులో బిడ్డ కదలకపోయినా పట్టని తల్లి అని అత్త దెప్పేది. తర్వాత చిన్నమ్మకు ఆడపిల్ల పుట్టి పెద్దదవుతున్నా, పెళ్లిళ్లలోనూ పేరంటాల్లోనూ ఎవరో ఒకరు ఆ మాట ఎత్తేవాళ్లు. ఆమె ఒక్కసారి కూడా నిజం బయటపెట్టలేదు. నాకు కాస్త ఊహ తెలిశాక, ఎందుకిలా చేశావని అడిగాను. "ఆ బరువు మీ తాత మోయలేడు పాపా. నేను మోస్తా" అంది.

నేను నోరు విప్పితే తాత మళ్లీ గోడవైపు తిరుగుతాడు. విప్పకపోతే చిన్నమ్మ మాటలు పడుతుంది. ఎటు చూసినా తప్పు నాదే అనిపించేది. ఆ ఉక్రోషాన్నంతా తీసుకెళ్లి అవ్వ మీద పెట్టుకున్నాను. చేతుల్లో బిడ్డ లేని కూతుర్ని అలా వీధిన పెట్టి తిట్టే తల్లి ఎక్కడైనా ఉంటుందా? అవ్వ తల దువ్వుతానంటే పారిపోయేదాన్ని. ఆమె ముద్ద కలిపి పెడితే పళ్లెం తోసేసి లేచిపోయేదాన్ని. ఏమైందే నీకు అని అడిగి అడిగి ఆమే ఊరుకుంది. పెళ్లయి వెళ్లాక కూడా, ఊరికి వచ్చినప్పుడు అవ్వతో ముక్తసరిగానే మాట్లాడేదాన్ని.

తాత చాలాకాలం తరిమెన తిప్పి, చివరికి ఏ బాధా పడకుండా నిద్రలోనే పోయాడు. దినాలు అయిపోయి చుట్టాలు వెళ్లిపోయాక, అవ్వా నేనూ కూర్చుని కాయలు ఒలుస్తున్నాం. ఇంక దాచాల్సింది ఎవరి కోసం అనిపించి మొత్తం చెప్పేశాను. ఆ సాయంత్రం బిడ్డ తన్నింది అవ్వా, చిన్నమ్మ అబద్ధమాడింది, నువ్వు ఆమెను ఉత్తపుణ్యానికి అన్ని మాటలన్నావు అని. నిజం చెప్పాలంటే, ఆ మాటలు ఆమెకు తగలాలనే అన్నాను.

అవ్వ చేతులు ఆగలేదు. "తెలుసు" అంది. "మీ తాత చిలకలు చేసిన మర్నాడు దాని నడుముకూ కడుపుకూ నేను ఆముదం రాసినా. బిడ్డ నా చేతిని తన్నినాడు."

తెలిసి తెలిసి మరి ఎందుకలా తిట్టావని అడిగాను.

"నేను తిట్టకుంటే మీ తాత నమ్ముతాడా?" అంది అవ్వ.

నీకు తెలుసన్న సంగతి చిన్నమ్మకు తెలుసా అని అడిగాను. "దాన్ని అడిగే మొగం నాకు యాడుండాది?" అని కొంగుతో ముక్కు తుడుచుకుంది.

ఇప్పుడు అవ్వా లేదు. మా ఇంట్లో పెద్దదిక్కు నేనే అయ్యాను. పిల్లలకు ఏదైనా చెప్పాల్సివస్తే, ఒక మనిషి గట్టిగా అరుస్తుంటే వెంటనే చెడ్డదని అనుకోవద్దని మాత్రం చెబుతాను. అంతకు మించి చెప్పేంత అర్హత నాకుందనుకోను. ఆ రోజు తర్వాత అవ్వ ఇంకొన్నేళ్లు ఉంది. నేను వెళ్లినప్పుడల్లా ఆమె చేతి ముద్దే తిన్నాను, ఆమె తల నేను దువ్వాను. నేను తోసేసిన పళ్లేల గురించి ఆమె ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తి, వీధంతా వినేలా నన్ను తిట్టి ఉంటే, నాకు కొంచెం తేలికయ్యేది.