బావిలో మా సముద్ర ప్రయోగం

సముద్రం అడుగున ఏ జీవి దేన్ని తింటుందో రోబో వాహనాలు పంపి పరీక్షిస్తారని ఒక పత్రికలో చదివాను. రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళ మాట. అప్పుడు నేను హిందూపురంలో జువాలజీ లెక్చరర్ని. తాగే నీళ్ళే ట్యాంకరులో వచ్చే ఊరు. సముద్రం లేకపోతేనేం, పెనుకొండ దగ్గర తెలిసిన బావి ఉంది కదా అనుకున్నాను. ధర్మవరం సైన్సు ప్రదర్శనలో మొదటి బహుమతి కొట్టాలన్నది అసలు యావ.

పాత ఇనుప అంగట్లో దొరికిన వైపర్ మోటార్లు, ప్లాస్టిక్ పైపులు, చిన్న కెమెరా కలిపి రోబో చేశాను. విద్యార్థులు తెగ మెచ్చుకున్నారు. ప్రాక్టికల్ మార్కులు నా చేతిలో ఉన్నాయి మరి.

బావి ఒక సాయిబు రైతుది. భాయ్ అని పిలిచేవాణ్ణి. రెండు టబ్బుల్లో మట్టి పోసి, సమానంగా నత్తలు వేసి, ఒకదానికి మాత్రం చేపలు దూరకుండా జాలీ కట్టి అడుగుకు దించాను. నెల తర్వాత రోబో దిగి తేడా చూడాలి. భాయ్‌కి అరగంట ఉపన్యాసం ఇచ్చాను గానీ, టబ్బులు ముట్టుకోవద్దని చెప్పడం మరిచాను.

నెల తిరిగి వెళ్ళేసరికి, శనక్కాయ పైరుకు తోడీ తోడీ బావిలో మోకాటి లోతే మిగిలింది. టబ్బులు గట్టు మీద తళతళలాడుతున్నాయి. నిండా పచ్చి శనక్కాయలు!

“నీళ్ళు తగ్గినాయని నేనే దిగి తీసినా సార్. బురద పట్టిండె, బాగా కడిగినా.”

“కడిగినావా! ఎవరు కడగమన్నారు?”

“ఒకరింటి గిన్నె మురికిగా ఇస్తామా సార్? వట్టిగా కూడా ఇయ్యకూడదని నాలుగు కాయలు పోసినా.”

చదువు లేనివాళ్ళతో సైన్సు పెట్టుకుంటే ఇంతేనని నోటికొచ్చినట్టు అరిచాను.

“జాలీ కట్టిన దాంట్లో నత్తలు అట్లే ఉండె సార్,” అన్నాడు భాయ్ మెల్లగా. “కట్టని దాంట్లో పెద్దవే మిగిలిండె. చిన్నవాటిని చేపలు తినేసినాయి. వాటి పగిలిన పెంకులు తీసిపెట్టినా, చూస్తారా?”

నాకు కావలసిందంతా అదే. అంతకంటే ఎక్కువే.

ధర్మవరంలో నా చార్టు మీద “రోబో గమనించిన ఫలితాలు” అని పెద్దక్షరాల్లో రాశాను. చిన్న నత్తలే పోయాయని ఎలా కనిపెట్టారని జడ్జి ఒకాయన ఆశ్చర్యపోయాడు.

“కెమెరా మంచిది సార్,” అన్నాను.

బహుమతి నాకే వచ్చింది. తన బావి ప్రయోగం చూడాలని ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెనుకొండలో రైలెక్కి వచ్చిన భాయ్ ముందు వరసలోనే నిలబడి ఉన్నాడు. కెమెరా గురించి జడ్జితో నేనన్న మాటా విన్నాడు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది అతనే. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా కప్పు మాత్రం రెండు చేతులా అందుకున్నాను.