అత్తయ్య తొక్కిన తిత్తులు

మొన్న ఆదివారం రిసాలిలో అత్తయ్యను చూడ్డానికి వెళ్ళాను. ఆవిడ వరండాలో కూర్చుని పక్కింటి కొత్తకోడలికి ఇనుము తయారుచేసే విధానం చెబుతోంది. మట్టికొలిమిలో పైనుంచి ఒక గంప బొగ్గు, ఒక గంప రాయి, మళ్ళీ బొగ్గు పోయాలట. గాలి ఆగకూడదట. ఆగిందా, పొద్దున్నించి పడిన కష్టమంతా గంగపాలేనట. ఆ పిల్ల ఇక్కడే పుట్టి పెరిగింది, తెలుగు సగమే అర్థమవుతుంది. "అచ్ఛా ఆంటీ, మీరు కూడా ప్లాంట్‌లో పని చేశారా?" అంది. "మరేటనుకున్నావు" అంది అత్తయ్య, నేనెక్కడ కాదంటానోనని చూపులేని కళ్ళు నా వైపు తిప్పి. నేనెందుకు కాదంటాను? ఆ రోజు పక్కనే ఉన్నదాన్ని.

అత్తయ్యంటే మా మేనమామ భార్య. మావయ్య విజయనగరం పక్క పల్లె నుంచి కుర్రతనంలో ఛత్తీస్‌గఢ్ వచ్చి, ఇక్కడి ఉక్కు ప్లాంటులో చేరి, రాయి కరిగించి ఇనుము తీసే బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గరే రిటైరయ్యాడు. సెక్టర్ 4 క్వార్టర్‌లో అత్తయ్య ఆయనకు మూడు షిఫ్టులకూ క్యారియర్ కట్టింది, చొక్కాలకు నిప్పురవ్వలు పెట్టిన చిల్లులకు మాసికలు వేసింది. ఆ నిప్పు ఎలా ఉంటుందో మాత్రం ఎరగదు. విశ్వకర్మ పూజనాడు ఇంటివాళ్ళను లోపలికి రానిస్తారు కదా అంటారేమో. మావయ్య ఆవిణ్ణి పందిరిదాకా తీసుకెళ్ళి, బూందీ పొట్లం చేతిలో పెట్టి, "అటంతా దుమ్ము" అని వెనక్కి తిప్పేసేవాడు. లోపల ఏముంటుందని ఎవరడిగినా "ఏటుంటాది, ఇనుము" అనేవాడు. అత్తయ్య తిన్నగా అడిగేదీ కాదు. ఆ కాలపు మా వైపు ఆడవాళ్ళు కొందరిలాగే మొగుడితో నేరుగా మాట్లాడే అలవాటు లేదావిడకు. "అమ్మాయ్, మీ మావయ్యకి ఇంకాస్త పులుసు కావాలేమో అడుగు" అంటుంది. మావయ్య అక్కడే, గరిటె చాస్తే అందేంత దూరంలో ఉంటాడు. మనుషులెవరూ లేకపోతే గోడకి చెప్పేది. నా చిన్నప్పటి సెలవులన్నీ ఈ తపాలా ఉద్యోగంతోనే సరిపోయాయి.

కిందటేడు అత్తయ్య కళ్ళలో నీటికాసులన్నారు. పోయిన చూపు రాదు, ఉన్నది కూడా మెల్లగా పోతుందన్నాడు డాక్టరు. ఇంటికొచ్చాక నన్ను పిలిచి, "అమ్మాయ్, ఇనుం పుట్టినపుడు ఎలగుంటాదో ఒక్కసారి చూసీవాలనుంది. మీ మావయ్యకి చెప్పు" అంది. తిరుపతో కాశీయో అడుగుతుందనుకున్నాడు మావయ్య. విశ్వకర్మ పూజ ఇంకా చాలా దూరం, అప్పటికి ఆవిడకు చూపు నిలుస్తుందో లేదో. ఆ వారమంతా ఆయనకు అన్నం సహించలేదు. దుర్గ్‌లో బట్టలకొట్టు నడిపే మనవాళ్ళాయన మాటల్లో చెబితే నాకు తెలిసింది, అక్కడికి కొంత దూరంలో ఒక పల్లెటూరి మ్యూజియం ఉందనీ, జానపదుల బొమ్మలతోపాటు పాతకాలంలో ఇనుము తీసిన పద్ధతి కూడా చేసి చూపిస్తారనీ. కారు మాట్లాడి ఇద్దర్నీ ఎక్కించాను.

మ్యూజియమంటే పెంకుటిళ్ళ వరుస, మధ్యలో వాకిలి. గోడల మీద మట్టితో ఎత్తుగా చేసిన పూలతీగలు, వాటిలో అద్దం బిళ్ళలు. గదుల్లో ఇత్తడి గుర్రాలు, తల మీద ప్రమిదలు మోసే ఇనప జింకలు. అత్తయ్య ప్రతి బొమ్మ దగ్గరా మొహం ఆనించినంత పని చేసి చూస్తోంది. మావయ్యకు ఆత్రం. "గుర్రాలెక్కడికీ పోవు" అని వాకిట్లోకి నడిపించాడు. అక్కడ నడుమెత్తున, మట్టితో మెత్తి కట్టిందొకటి ఉంది. మావయ్య దాన్ని తట్టి, "గాదె. మనూర్లోనూ ఉండీవి" అని, అక్కడి కాపలా ఆయన్ని ఎన్ని బస్తాల ధాన్యం పడుతుందని హిందీలో అడిగాడు. ఆయన "ఇది కోఠీ సాబ్" అన్నాడు. ఛత్తీస్‌గఢీలో గాదెనీ కోఠీయే అంటారు గనక మావయ్య పెద్దరికంగా తలూపాడు. "ఇందులోనే ఇనుము తీసేది" అని ఆయన అన్నాక చూడాలి మావయ్య మొహం. "అమ్మాయ్, మరి ఇన్నాళ్ళూ మీ మావయ్య డూటీ డూటీ అని ఎక్కడికెళ్ళీవోడో కనుక్కో" అంది అత్తయ్య. నవ్వాపుకోవడమే నాకు పనైంది, కనుక్కోలేదు.

అప్పటికింకా అది వెలిగించలేదు. కాసేపటికి ఇనుము తీసే మొగుడూ పెళ్ళాం వచ్చి నిప్పు పెట్టారు. అతను పైనుంచి బొగ్గూ రాయీ వేస్తున్నాడు. ఆవిడ వెదురుకర్ర పట్టుకుని, రెండు తోలుతిత్తుల మీద నిలబడి, ఒక కాలు తరవాత ఒక కాలు తొక్కుతోంది. కొలిమి దగ్గర ఆడమనిషి ఉండడం అత్తయ్యకు వింతగా ఉంది. మావయ్య గొంతుక్కూర్చుని గాలి దూరే గొట్టాన్ని చూస్తున్నాడు. చాలాసేపటికి అడుగు కన్నంలోంచి నల్లగా, చిక్కగా ఏదో కారింది. "స్లాగ్" అన్నాడు తనలో తను. అత్తయ్య వంగి చూసి, "మనూరి కమ్మరి కొలిమికాడ పడుండీ చిట్టెమే కదా? ఇన్నాళ్ళూ స్లాగ్ స్లాగ్ అనీవోరు, చిట్టెమేనేటి?" అంది. ఆ ప్రశ్న నా మీదుగా వెళ్ళలేదు. మావయ్య ఒక్క క్షణం నావైపు చూశాడు, అలవాటు కొద్దీ. తరవాత ఆవిడవైపే తిరిగి "చిట్టెమే" అన్నాడు.

ఇక ఆపితే ఒట్టు. రాయిలో ఇనుము ఎలా దాక్కుంటుందో, బొగ్గు దాన్నెలా బయటికి లాగుతుందో, పెద్ద ఫర్నేసులో నీళ్ళలా పారేది ఇక్కడ ముద్దలా ఎందుకు దిగుతుందో ఆయన చెబుతున్నాడు, ఆవిడ అడుగుతోంది. తిత్తుల మీది ఆవిడ "రా దాయీ" అని అమ్మను పిలిచినట్టు పిలిచి చెయ్యి చాచింది. అత్తయ్య చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్ళు ఎగదోపి ఎక్కింది. మావయ్య ఆవిడ మోచెయ్యి పట్టుకుని, "ఎడమ, ఇప్పుడు కుడి, గాలి ఆపీకు" అంటూ నిలబడ్డాడు. వాళ్ళిద్దరూ నేరుగా మాట్లాడుకోగా వినడం నాకదే మొదలు. నాకు ఏడుపొచ్చింది, ఎవరూ చూడలేదు.

కొలిమి ముందు గోడ పగలగొట్టి, పట్టకారుతో ముద్దను బయటికి లాగారు. మావయ్య అత్తయ్యను దింపి, సెగ తగిలేంత దగ్గరికి తీసుకెళ్ళాడు. దుమ్మూ పొగా మొహం మీదికే వస్తున్నాయి. ఈసారి ఆయన వెనక్కి తిప్పలేదు.

"కనిపిస్తున్నాదా?"

"కనిపిస్తున్నాది. ఎర్రగా ఉన్నాది. ఉండనియ్యండి, ఇంకాసేపు చూస్తాను."

ముద్ద నల్లబడేదాకా ఇద్దరూ అక్కడే నిలబడ్డారు. అంత సర్వీసు చేసినాయనకు తన పని భార్యకు చూపించడానికి ఒక్క పూట పట్టింది. ఆ పూట రావడానికి మాత్రం వాళ్ళ కాలమంతా పట్టింది.