గంట మోగేదాకా

మొన్న మధ్యాహ్నం మా మనవరాలి ఫోన్‌లోంచి టింగ్‌మని చిన్న గంట వినిపించింది. ఆ చప్పుడు చెవిన పడగానే నా అరికాళ్లకు చల్లటి నేల తగిలినట్టయింది. ఆ పిల్ల రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టుకొని, ఒకే చదరంగం సమస్యను రెండు ప్రోగ్రాములకు ఇచ్చి, ఏది ముందు ఆటకట్టు కనిపెడుతుందో చూస్తోంది. అవతలివాడు ఏ ఎత్తు వేసినా తప్పించుకోలేని ఆటకట్టు. "ఇది రెండు సెకన్లు అమ్మమ్మా, అది ఐదు," అంది. అలాంటి ఒక్క ఆటకట్టు కోసం భోజనాల వేళ సగం గడిచిపోయే గది ఒకటి నాకు తెలుసు. అక్కడ పనిచేసిన విశాలాక్షి మేడం తెలుసు.

మాది ఉప్పల్. నాచారం వైపున్న మా జొన్నచేను డెబ్బైల్లో ఒక ప్రభుత్వ పరిశోధన ఆఫీసు కిందికి పోయింది. భూమి పోయిన ఇంటికొక ఉద్యోగం అన్నారు. మా ఆయన అప్పటికే మల్లాపూర్‌లో ఒక వర్క్‌షాపులో పనికి కుదిరాడు కనుక అది నాకు వచ్చింది. నాలుగో తరగతి చదివి ఉండాలన్నారు. చదివానని చెప్పి, ఇంట్లో వారం రోజులు గీసి గీసి నేర్చుకున్న సంతకం పెట్టాను. అప్పటికి నాకు ముప్పై ఏళ్లు. కంప్యూటర్ గది ఊడ్చి తుడవడం, చెప్పులతో ఎవరూ లోపలికి రాకుండా చూడడం నా పని. బీరువాల్లాంటి పెట్టెలు, చిల్లుల కాగితం చుట్టలు, టకటకా అచ్చు కొట్టే టెలీప్రింటర్, ఎండాకాలంలో కూడా వణికించే చలి. కిటికీలకు ఎప్పుడూ మందపాటి తెరలే. బయట నీడను చూసి వేళ చెప్పగలిగే నాకు ఆ గదిలో పొద్దే తెలిసేది కాదు.

అందరూ నన్ను ఆయా అనేవారు. కాకినాడ నుంచి వచ్చిన విశాలాక్షి మేడం ఒక్కరే యాదమ్మా అని పిలిచేవారు. ఆమెకు చదరంగమంటే ప్రాణం. ఆమె, పక్క బల్ల రాఘవరావు సారు చెరొక ప్రోగ్రాము రాశారు. సారుది వరసగా అన్ని ఎత్తులూ వెతికేది. మేడంది రాజుకు చెక్ చెప్పే ఎత్తులను ముందు చూసేది. పై అధికారి వచ్చి, ఈ సరదాకు మిషన్‌లో ఒక్కదానికే చోటు ఇస్తాను, నెలాఖరుకు ఏదో ఒకటి తేల్చుకోండి అని చెప్పి వెళ్లాడు.

మిషన్ ఖాళీగా ఉండేది భోజనాల వేళే. ఒకరోజు సారుది, మర్నాడు మేడంది, ఒకే సమస్య మీద. సరిగ్గా ఒంటిగంటకు మొదలుపెట్టి ఇద్దరూ క్యాంటీన్‌కు వెళ్లిపోయేవారు. ఆటకట్టు దొరగ్గానే టెలీప్రింటర్ గంట కొడుతుంది.

"మేమిద్దరం ఇక్కడ కూర్చుంటే కొట్టుకుంటాం యాదమ్మా. నీకైతే ఇద్దరం ఒకటే. గంట మోగగానే గడియారం చూసి ఈ కాగితం మీద రాయి," అన్నారు మేడం.

గడియారం చూడడం నాకు రాదు. రాదంటే నాలుగో తరగతి అబద్ధం బయటపడుతుంది, ఉద్యోగం పోతుంది. తలూపాను. వాళ్లు తిరిగి వచ్చేసరికి, చేతులకు ఫినాయిల్ అంటిందని నోటితోనే చెప్పాను. మొదటి రోజు సారుది పది నిమిషాలన్నాను. రెండో రోజు మేడంది ఇరవై అన్నాను. కావాలని మేడానికి ఎక్కువ చెప్పలేదు. నాకు అంతసేపే అనిపించింది.

"ఏమండీ, మీ ప్రోగ్రాము పెళ్లికి ముస్తాబవుతోందా? ఎంతకీ బయటికి రాదు," అన్నారు రాఘవరావు సారు.

"మీది తల దువ్వుకోకుండానే వచ్చేసింది లెండి," అన్నారు మేడం. నవ్వారు గానీ మొహం వాడిపోయింది.

ఆ తర్వాత వారమంతా ఆమె భోజనానికి వెళ్లలేదు. తప్పెక్కడుందో అని పొడుగాటి కాగితాలు పరుచుకొని ఎర్ర పెన్సిలుతో గీతలు పెడుతూ కూర్చునేవారు. డబ్బాలో పెరుగన్నం అలాగే ఇంటికి వెళ్లేది. శనివారం ఆ కాగితాలన్నీ చుట్టి నా చేతికిచ్చారు.

"చెత్తలో వేసెయ్. నా ఆలోచనే తప్పు."

"అది తప్పు గాదు మేడం. నాకు గడియారం సూడరాదు," అన్నాను.

"మరి ఇరవై నిమిషాలని ఎలా చెప్పావు?"

"మీది గెలవాలె, మీది గెలవాలె అనుకుంట కూసున్న. గంట ఎంతకూ మోగకపాయె. సారుదానికి గంత ఫికర్ లేకుండె. జల్ది అయినట్టనిపించింది."

"నాలుగో తరగతి?"

"అది గూడ అబద్ధమే మేడం."

ఆమెకు కోపం వచ్చింది. వారం రోజులు నా బుర్ర తిన్నావు కదే అన్నారు. కాసేపటికి కాగితాల చుట్ట నా చేతిలోంచి తీసుకున్నారు. సారు దగ్గరికి వెళ్లి, "లెక్క తప్పిందండీ. టైం చూడడం నేర్పకుండానే ఆమెకు పని అప్పజెప్పాను, పొరపాటు నాదే. నెలాఖరులోపు మళ్లీ పెడదాం," అన్నారు. నాలుగో తరగతి మాట ఎత్తలేదు.

సోమవారం నుంచి పాఠం. చదరంగం బల్ల పక్కన ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలున్నాయి. మొదట అవి, తర్వాత గడియారంలో మిగతా నాలుగు. పది రోజుల్లో ముల్లు చూసి నిమిషం చెప్పగలిగాను. ఇంట్లో మా ఆయన, "ఏందే, దినాం గడియారం దిక్కే సూస్తున్నవ్, ఎవలన్న వస్తున్నరా?" అని ఎగతాళి చేశాడు.

మళ్లీ మూడు సమస్యలు పెట్టారు. మొదటి రెండింటిలో మేడం ప్రోగ్రామే ముందు గంట కొట్టింది. మూడోదానికి ఎంతకూ కొట్టలేదు. సారుది తొమ్మిది నిమిషాలకు తేల్చిన సమస్య అది. తొమ్మిది దాటింది, పదిహేను దాటింది. ఎవరూ లేని గదిలో పెన్సిలు పట్టుకొని నిలబడ్డాను. ఎనిమిదని రాసినా ఎవరికీ తెలియదు. గంట మోగాక ముల్లు చూసి వంకరటింకరగా ఇరవై రెండు అని రాశాను. ఇష్టం లేకపోయినా నా చేత్తో రాసిన మొదటి నిజం అదే.

మేడం ఆ కాగితం చూసి కుర్చీలో వెనక్కి వాలారు. "దీంట్లో మొదటి ఎత్తు చెక్ కాదు, అందుకే నాది దారి తప్పింది. ఇది అసలైన ఓటమి యాదమ్మా. దీన్ని సరిచేసుకోవచ్చు," అన్నారు. ఆ మధ్యాహ్నం డబ్బా విప్పి పెరుగన్నం అంతా తిన్నారు. మూడింట రెండు గెలిచింది కాబట్టి మిషన్‌లో చోటు ఆమెదానికే దక్కింది.

అంకెల తర్వాత అక్షరాలు మొదలుపెట్టారు గానీ, గుణింతాల మధ్యలోనే ఆమెకు బదిలీ అయింది. వెళ్లే రోజున ఆ కాగితం నా చేతికిచ్చారు. మిగతా చదువు నేను చాలా ఏళ్లకు, తల నెరిశాక, మా పిల్లల పాత వాచకాలు ముందు పెట్టుకొని పూర్తిచేశాను. ఈ నాలుగు ముక్కలు రాయగలిగింది అలాగే.

మా ఆయనకు దవాఖానాలో ఆపరేషన్ జరిగిన రోజు, బయట బెంచీ మీద నాకు పొద్దు గూకినట్టే అనిపించింది. తలెత్తి గోడమీది గడియారం చూశాను. నలభై నిమిషాలే. అప్పుడు ఊపిరి తీసుకోగలిగాను.

మొన్న మనవరాలు ఇంకో సమస్య పెట్టింది. "ఈసారి ఏది గెలవాలని ఉంది అమ్మమ్మా?"

"ఎడమ పక్కది బిడ్డా," అన్నాను. "జర ఆ గోడ గడియారం నాకు కనబడేటట్టు పక్కకు జరుగు."