ఆకు ముందు కూర్చోబెట్టిన పిల్ల

సుభద్రమ్మది బొబ్బిలిలో మా వెనక వీధి. మొగుడు భావనారాయణకు బట్టల కొట్టు. రెండోదాన్ని తెచ్చుకుని ఈమెను గెంటేశాడు. ఈమె కూతురు పరమేశ్వరిని చంకనేసుకుని బయటికి నడిచింది. కోర్టుకెక్కితే పరువు పోతుందని మా కోమటి పెద్దలే కూర్చుని, పిల్ల తిండికి నెలకు నాలుగు కుంచాల బియ్యం ఇమ్మన్నారు. యుద్ధం ముగిసినా బియ్యానికి కటకట తీరని రోజులవి.

ఏడాదికోసారి ఆ కొలత తిరగదోడేవారు. పిల్లను కులపెద్ద ఇంట్లో విస్తరాకు ముందు కూర్చోబెట్టి, ఎంత తింటే దాన్నిబట్టి పెంచడమో తగ్గించడమో. ఎద్దును కొనేటప్పుడు పళ్ళు పట్టి చూడరూ, అలాగ. ఆ పెద్ద మా తమ్ముడు కూర్మయ్య. వడ్డించేది అతని అక్కను, నేను.

పిల్లకు ఏడేళ్ళు వచ్చిన ఏడు సుభద్రమ్మ అయిదు కుంచాలు అడిగింది. నలుగురిళ్ళ వడ్లు దంచితే వచ్చే నూకలతో తన పొట్టే గడవడం లేదు. ఉన్న ఒక్క మంచి చీర కట్టుకుని, పిల్లకు నున్నగా తల దువ్వి తెచ్చింది. నేను పప్పూ నెయ్యీ వేశాను. పిల్ల నాలుగు ముద్దలు తిని చెయ్యి ఆపేసింది.

"ఇంకొంచెం తినవే," అన్నాను.

"కడుపు నిండిపోనాది మామ్మా."

భావనారాయణ ఎగిరిపడ్డాడు. "సూసినావా మావా! పిచ్చిక తిండి. దీనికి అయిదు కుంచాలంట! నా బియ్యం తల్లి మెక్కేస్తన్నాది."

కూర్మయ్య సుభద్రమ్మ వైపు తిరిగాడు. "ఏటే, పిల్లకి పెట్టి తెచ్చినావేటి?"

లేదని చెప్పమని నేను కళ్ళతో సైగ చేశాను. చూసింది. చూసి కూడా తలెత్తింది.

"పెట్టే తెచ్చినాను మావా. ఈయన ముందర నా కూతురు కరువుపిల్లలాగ ఆకు మీద పడాలేటి?"

"ఇంట్లోనే కడుపు నిండతంటే పెంచడమెందుకు? మూడు కుంచాలు సాలు."

నాకు మండింది. "ఒరే కూర్మా, నీ పెళ్ళాం అట్లు పెట్టి పంపితే నువ్వూ పెళ్ళివారింట తినలేవు. రేపట్నించి నీ కంచంలో కూడు తగ్గించీమంటావేట్రా?"

"నువ్వు వడ్డించు అప్పా. తీర్పులు మాకొదిలీ."

మొగుడు వదిలేసినదని సుభద్రమ్మ గుమ్మం ఎవరూ తొక్కేవారు కాదు. పేరంటాలకు పిలుపు లేదు. నేను వెళ్తే చాలు, పీట వాల్చి "కాసేపు కూకో అత్తా" అనేది. మాట్లాడేది కూడా కాదు, మనిషి ఎదురుగా ఉంటే చాలు.

మరుసటేడు ముందురోజే వెళ్ళి చెప్పాను. "రేపు పొద్దుట పిల్ల నోట్లో మెతుకు పడనీకు. నీ పరువు కూడు పెట్టదే." సరేనంది.

మర్నాడు ఆకు వేశాం. పొద్దు నడినెత్తికొచ్చింది. తల్లీ రాలేదు, పిల్లా రాలేదు. భావనారాయణ "రాలేదంటే అక్కర్లేదన్నమాటే" అని కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు. కూర్మయ్య కాదనలేదు. ఆ మూడు కుంచాలూ ఆగిపోయాయి.

తిట్టిపోద్దామనే ఆమె ఇంటికి వెళ్ళాను. సుభద్రమ్మ వడ్లు దంచుతోంది. పిల్ల మూల కూర్చుని గంజి తాగుతోంది.

"మీ సందు సివర దాకా వచ్చినాం అత్తా," అంది రోకలి ఆపకుండా. "అక్కడికొచ్చి, 'అమ్మా, రేపు కూడా తినకుండా ఉంటే నాన్న ఇంకా ఎక్కువిస్తాడా?' అని పిల్ల అడిగింది. మరి కాలు ముందుకు పడలేదు."

పీట నేనే వాల్చుకుని కూర్చున్నాను. ఆమె దంచుతూనే ఉంది.