పెట్రోలు మూతకు పెట్టిన బొట్టు

మొన్న ఆయుధపూజ నాడు మా మనవరాలు తన కొత్త కారుకు పసుపు కుంకుమలు పెడుతూ పెట్రోలు పోసే చోట వేలు ఆనించగానే, కుర్చీలో ఉన్నవాణ్ని గబుక్కున లేచి వెళ్లి ఆ చేయి పట్టుకున్నాను. ముసలాయనకు చాదస్తం ఎక్కువైందని అందరూ నవ్వారు, వాళ్లతో పాటు మా వదినా నవ్వింది. నవ్వనీండి. పాత బండ్లు తోలిన నా ఈడు వాళ్లకైతే చెబితే అర్థమవుతుంది.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో నేను ప్రొద్దుటూరులో ఒక మోటారు షెడ్డులో పనిచేసేవాణ్ని. రెండేళ్లకే నన్ను మించిన మెకానిక్కు లేడన్న పొగరు. పులివెందుల దగ్గర మా ఊళ్లో అన్న వేరుశనక్కాయలు తోలడానికి యుద్ధకాలం నాటి పికప్ బండి కొన్నాడు. ఆయుధపూజకు నేను ఊరికి వెళ్లినప్పుడు, బండి పక్కన గుండ్రంగా కనిపించే పెట్రోలు మూతనే దాని ముఖం అనుకుని అమ్మ పసుపు మెత్తి పెద్ద బొట్టు పెట్టింది. ఇంకా మందంగా పెట్టమన్నది నేనే.

మర్నాడు వదినకు నొప్పులు వచ్చాయి. బిడ్డ అడ్డం తిరిగింది, ఆలస్యం చేయకుండా జమ్మలమడుగు ఆసుపత్రికి తీసుకుపొమ్మని మంత్రసాని చేతులెత్తేసింది. వెనక పరుపు మీద వదిన, ఆమె తల ఒళ్లో పెట్టుకుని అమ్మ. అన్న తోలుతుంటే పక్కన నేను. పడమట ఆకాశం కాటుకలా నల్లబడింది. ముద్దనూరు చేరకముందే బండి సత్తువ తగ్గి, రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ప్లగ్గులు విప్పి తుడిచి బిగిస్తే లేచింది. నాలుగు మైళ్లు పోయి మళ్లీ ఆగింది. ఈసారి కార్బొరేటరు విప్పితే పెట్రోలు చుక్క లేదు; పైపు ఊది బిగిస్తే మళ్లీ లేచింది. నేను విప్పి బిగించే ఆ కాసేపట్లో అది తనంతట తానే కోలుకుంటోందని తట్టక, అంతా నా పనితనమే అనుకున్నాను. ఆ రెండో తడవే అమ్మ గండి ఆంజనేయస్వామికి మొక్కుకుని, కొంగున ముడేసుకున్న సింధూరం తడిపి అదే మూత మీద ఇంకో పొర అద్దింది.

ఆ దారిలో పెన్న మీద అప్పుడు వంతెన లేదు, ఇసుకలో కంప పరిచిన బాటే. సరిగ్గా నడి ఏట్లో బండి ఆగింది. నీళ్లు వస్తున్నాయని గట్టు మీద మనుషులు కేకలేస్తున్నారు. అంతదాకా వినిపించిన వదిన మూలుగు ఆగిపోయింది, దానికే నాకు ఎక్కువ భయం వేసింది.

"యాడుందిరా లోపం? ఆమె తట్టుకోల్యాకుండాది," అన్నాడు అన్న.

పెట్రోలు ఎంతుందో పుల్ల పెట్టి చూద్దామని మూత తిప్పాను. ఉస్సుమని గాలి లోపలికి పోయింది. మూతలో సూదిబెజ్జమంత రంధ్రం ఉంటుంది, అందులోంచి గాలి పోతేనే పెట్రోలు ఇంజనుకు అందుతుంది. అది పసుపుతో పూడిపోయింది; బండి ఆగినప్పుడల్లా ఏ సందులోంచో కాస్త గాలి దూరితేనే మళ్లీ లేస్తోంది. రోజూ షెడ్డులో చూసే మూతే, నా తెలివి తగలెయ్య! గోటితో గీకి, బిగించాను. ఇక బండి ఎక్కడా ఆగలేదు. గట్టెక్కి వెనక్కి చూసేసరికి బాట మీద ఎర్రనీళ్లు పోతున్నాయి.

వదిన దక్కింది. బిడ్డ దక్కలేదు. ఒక గంట ముందు వచ్చింటే అని నర్సమ్మ మొదలుపెట్టి, మాట మింగేసింది. వరండాలో అమ్మ నన్ను దగ్గరికి పిలిచింది. ఆమె వేళ్లకు సింధూరం ఇంకా అంటుకునే ఉంది.

"బండికి ఏమైందిరా నాయనా?"

"పెట్రోల్లో నలకలు పడినాయి లేమా."

బతికినన్నాళ్లూ అమ్మ ఆ మాటే నమ్మింది. ఆ రోజు ఏరు దాటింది మొక్కు వల్లేనని ఏటా గండికి పోయేది, వెంట నేనూ పోయేవాణ్ని. ఇప్పుడు పెన్న మీద వంతెన ఉంది, కారులో నిమిషం పట్టదు. లోపం ఎక్కడుందో బండే చెబుతుందట. ఈ కాలం బండ్లకు బొట్టు ఎక్కడ పెట్టినా ఏమీ కాదని మనవరాలు అంది, నిజమే కావచ్చు. అయినా తుడిచేశాను. ఎందుకు తుడిచానో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. వదినకు చదువు రాదు, ఇది ఆమె చదవలేదు గనుక మీకు రాస్తున్నాను.