సర్వర్ జహాన్ నత్తు

అనకాపల్లి బెల్లం బజారు వెనక వీధిలో సర్వర్ జహాన్ ఇల్లు. ఆ వంటింట్లో ఆవాలూ జీలకర్రా కాగితం పొట్లాల్లో పడుండేవి. పోపుల పెట్టెల నిండా గిల్టు నగలు మరి! ఆవిడకి సన్నవి నచ్చవు. నగంటే వీధి ఆ చివరికి కనపడాలి. భుజాలు తాకే జుంకాలు ఒక అరలో, అరచేతంత పతకాలు ఇంకో అరలో, దేనికది మెత్తని గుడ్డలో చుట్టి పెట్టేది. ఒక పెట్టె నిండగానే ఇంకోటి కొనేది. గిల్టేగా అని మూతి విరిచేవాళ్ళని చూస్తే పక్కింట్లో ఉండే నాకు ఒళ్ళు మండేది. యుద్ధం రోజుల్లో, బంగారం కొనలేక, వాళ్ళూ ఆవిడ గుమ్మం ఎక్కినవాళ్ళే.

అడిగినవాళ్ళకల్లా నగలు ఎరువిచ్చేది, ఒక్క నత్తు తప్ప. చెంప సగం కప్పేసే నత్తు అది. నికా నాడు పెళ్ళికూతురి ముక్కుకి నత్తు పెట్టడం వాళ్ళింటి ఆచారం. సర్వర్ జహాన్‌కి పెళ్ళి కాలేదు.

ఒకసారి కశింకోట నుంచి అప్పలనర్సమ్మ తన కూతురి పెళ్ళికి నగలకోసం వచ్చి, దానిమీద కన్నేసింది.

"ఆ నత్తియ్యి బీబమ్మా, పెళ్ళవగానే తెచ్చిచ్చేత్తాను."

"మీ పిల్ల ముక్కు ఆ బరువు తాళదమ్మా," అంటూ సర్వర్ జహాన్ పాపిటబిళ్ళా వంకీలూ చేతిలో పెట్టింది.

"మరెవులి కోసం దాసేవేటి?"

సర్వర్ జహాన్ నత్తుని మళ్ళీ గుడ్డలో చుట్టి పెట్టె మూత వేసింది.

అప్పలనర్సమ్మ వెళ్ళాక పెరట్లోకి వెళ్ళి లేత వేపపుల్ల విరిచింది. ముక్కు కుట్టులో ఎండిపోయిన పాత పుల్ల తీసి, కొత్తది గుచ్చుకుంది. చిన్నప్పుడు నత్తు కోసమని వాళ్ళమ్మ కుట్టించిన కుట్టు అది. యాభై దాటినా ఆవిడ దాన్ని పూడిపోనివ్వలేదు.